వాషింగ్టను అను నింటిపేరు: పుట్టుకయు, వలసయు

ఇంటిపేరు వంశమునకు సాక్ష్యమని లోకము నమ్ముచున్నది. ఒక పేరు గలవారెల్లరు ఒక మూలపురుషుని సంతతివారనియు, వారి రక్తబంధమునకు ఆ పేరే ప్రమాణమనియు సామాన్యజనులేకాక చరిత్రకారులును పెక్కుమారులు తలచిరి. ఈ నమ్మిక యెంతవరకు నిలుచునో పరీక్షించుటకు వాషింగ్టను అను ఆంగ్లేయుల యింటిపేరు మిక్కిలి తగియున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రథమాధ్యక్షుడగు జార్జి వాషింగ్టను మూలమున నాపేరు లోకప్రసిద్ధమైనది. ఆ దేశపు రాజధానికి ఆ పేరే. పశ్చిమసముద్రతీరమందలి యొక రాష్ట్రమునకును ఆ పేరే. అయినను 2000వ సంవత్సరపు జనాభాలెక్కలో నా దేశమున నీయింటిపేరు గలవారు 1,63,036 మంది యుండగా, వారిలో నూటికి సుమారు తొంబదిమంది ఆఫ్రికా సంతతివారు. జార్జి వాషింగ్టనునకో, సంతానమే లేదు. ఇంగ్లండు ఉత్తరభాగమందలి యొక చిన్న యూరి పేరు ఇందఱకు ఇంటిపేరైన తెఱగు విచారింపదగినది.

మొదట పదవిభాగము. పదమును చూడగానే దానిని 'వాషింగ్' అనియు 'టన్' అనియు విడదీసి, బట్టలుదుకుటతో సంబంధము కల్పింప బుద్ధిపుట్టును. అది వినికినిబట్టి పుట్టిన వ్యుత్పత్తియేకాని శబ్దచరిత్రను బట్టినది కాదు. మనదేశమున గ్రామనామములకు స్థలమాహాత్మ్యములు చెప్పు వ్యుత్పత్తులు పెక్కులు ఈ జాతివే. ప్రాచీనాంగ్లమున నీపదము మూడవయవములు గలది: 'హ్వాస' యను పురుషనామము, 'ఇంగ్' అను సంబంధార్థకప్రత్యయము, 'టూన్' అను నుత్తరపదము. టూన్ అనగా మొదట కంచె వేసిన యావరణము. దానికి సజాతీయమైన పదము జర్మనుభాషలో నేటికిని కంచె యనియు, డచ్చిభాషలో తోట యనియు నర్థమిచ్చుచున్నది. ఇంగ్లీషున నది యావరణమునుండి పొలముతోగూడిన నివాసమునకును, నివాసమునుండి గ్రామమునకును ప్రాకి, తుదకు 'టౌన్' అనగా పట్టణమైనది. కావున సమాసార్థము 'హ్వాసునికి సంబంధించిన నివాసభూమి' యని తేలుచున్నది. ఇందొక చిత్రము కలదు. ఈ హ్వాసుడు ఏ పత్రమునను కానరాడు. ఊరిపేరునుబట్టియే శాబ్దికులు అతనిని ఊహించిరి. ఇంత ప్రఖ్యాతి గాంచిన నామమునకు మూలమైనవాడు ధూమమునుబట్టి యనుమింపబడిన వహ్నివంటివాడే.

ఇంగ్లండు దక్షిణమున ససెక్సు మండలమున మఱియొక వాషింగ్టను కలదు. 10వ శతాబ్దపు పత్రములలో దాని పేరున మధ్యమావయవము 'ఇంగ' యని యున్నది. ఇది షష్ఠీబహువచనము. అచటి పురుషుడు హ్వాసుడు కాడు, వాస్సుడు. కావున దాని యర్థము 'వాస్సునివారి యూరు'. ప్రకృతియు వేఱు, విభక్తియు వేఱు. కాలక్రమమున వర్ణములు లోపించియు మాఱియు రెండును ఒక్కరూపమును బొందినవి. ఊళ్లపేరులలోనే యిట్టి రూపసామ్యము వంచించుచుండగా, వానినుండి పుట్టిన యింటిపేరులలో నెంత జాగరూకత వలయునో చెప్పనక్కఱలేదు.

ఆంగ్లేయులలో వంశపారంపర్యముగ వచ్చు నింటిపేరులు అతిప్రాచీనములు కావు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వము సామాన్యముగ నొకనికి నొక్కపేరే యుండెడిది. భూస్వాములగు నార్మనులతో నింటిపేరుల వాడుక ప్రవేశించి, తరువాతి మూడునాలుగు శతాబ్దులలో క్రమముగ కృషీవలులవఱకును వ్యాపించెను. అవి కొన్ని అపత్యార్థకములు, కొన్ని వృత్తివాచకములు, కొన్ని గుణవాచకములు. తెలుగువారికి చిరపరిచితుడగు సి. పి. బ్రౌను దొర యింటిపేరు ఈ కడపటి తరగతిలోనిది, వర్ణవాచకము. స్థలవాచకములైనవి నాలుగవ తెగ. ప్రకృతవిషయమగు పేరు అందులోనిది.

ఈ స్థలవాచకములను గూర్చి పాణినీయము చదివినవారికి స్ఫురింపక మానని విషయమొకటి కలదు. అష్టాధ్యాయి నాలుగవ యధ్యాయము మూడవపాదమున తద్ధితప్రత్యయములను విధించుచు మహర్షి నివాసమును, అభిజనమును వేఱువేఱుగ బేర్కొనెను. భాష్యకారుని వివరణమునుబట్టి, తాను ఇపుడు వసించునది నివాసము, తన పూర్వులు వసించినది అభిజనము. ఒక యూరి పేరుతో మనుష్యుని వ్యవహరించుట యీ రెండర్థములలోను గలుగును. తెలుగు ఇంటిపేరులలో నెక్కువభాగము రెండవదానికి ఉదాహరణములు. కందుకూరి వీరేశలింగము, వేటూరి ప్రభాకరశాస్త్రి అనునపుడు ఊరుశబ్దము ఔపవిభక్తికమై 'ఊరి' యని నిలిచి, ఆ వంశము పూర్వమొకప్పుడు ఏ యూరిదో తెలుపుచున్నదేకాని, ఆ పురుషుడు ఆ యూర కాపురముండెనని చెప్పదు. ఇంగ్లండున విభక్తికి మాఱుగా 'ద' యను నుపపదము వాడబడెను. అది ఫ్రెంచిభాషనుండి వచ్చినది, పంచమ్యర్థకము. వాషింగ్టను వంశమున నివాసము అభిజనముగా మాఱుట సంవత్సరములతోగూడ చూపవచ్చును.

డర్హము బిషపు తన భూములనుండి రావలసిన పన్నులను, సేవలను 1183లో నొక పుస్తకమున వ్రాయించెను. దానికి బోల్డను పుస్తకమని పేరు. అందు విలియం అను భూస్వామి యొకడు కనబడుచున్నాడు. అతడు అప్పటికి హార్టుబరను అను గ్రామమునుబట్టి 'హార్టుబరను విలియం'. ఆ గ్రామమును బిషపునకిచ్చి, దానికి బదులుగ నతడు వెస్సింగ్టను గ్రామమును పుచ్చుకొనెను. ఇందులకై యతడు సంవత్సరమునకు నాలుగు పౌనులు చెల్లింపవలెను. అంతేకాక బిషపు పెద్దవేటకు బయలుదేఱినపుడు నాలుగు వేటకుక్కలతో హాజరుకావలెను. ఊరు మాఱుటతోడనే పేరును మాఱినది. విలియమును, అతని సంతతియు 'వెస్సింగ్టను'వారైరి. ఇచట పేరు కేవలము నివాసార్థకమని స్పష్టము. అది రక్తమునంటినదైనచో ఊరితోబాటు మాఱదుకదా! ఆ మార్పిడి జరుగకయే యున్నచో అమెరికా రాజధాని నేడు హార్టుబరను అని పిలువబడుచుండెడిది.

విలియము వంశమున ఆ పేరు అచిరకాలముననే స్థిరపడెను. 13వ శతాబ్దాంతమునకు ఒకశాఖ పడమటికి వెస్టుమోర్లండు, లాంకషైరు ప్రాంతములకు బోయి యచట వివాహసంబంధములచే భూములు సంపాదించెను. ఊరు విడిచినను పేరు విడువలేదు. ఇదియే నివాసము అభిజనమైన ఘట్టము. 1416 మొదలు 1446 వఱకు డర్హము మఠమునకు అధిపతియైన జాన్ వెస్సింగ్టను పండితుడై, తన మఠపు హక్కులను ప్రాచీనపత్రములతో సమర్థించుచు గ్రంథములు వ్రాసెను. కొంతకాలమునకు 'ద' యను నుపపదము జాఱిపోయెను. ఉపపదమున్నంతవఱకు పేరు యౌగికము, అర్థము చెప్పగలది. అది పోగానే రూఢమయ్యెను. వర్ణక్రమము గూడ వెస్సింగ్టనునుండి వాషింగ్టనునకు దిగెను. మూలగ్రామమందలి వీరి పాత భవనము అన్యుల పాలై, 1613లో బిషపుచే కొనబడెను.

లాంకషైరులోని వార్టను గ్రామపు శాఖయందు పుట్టిన లారెన్సు వాషింగ్టను దక్షిణమునకు వచ్చి నార్తాంప్టనున ఉన్నివ్యాపారము చేసెను. 1532లోను 1545లోను ఆ పట్టణమునకు మేయరుగ నుండెను. ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దుచేసి వాని భూములను అమ్మునపుడు, 1539లో నీతడు సల్‌గ్రేవు అను మఠగ్రామమును రాజునొద్ద కొని యచట నిల్లు కట్టెను. వీరి వంశచిహ్నము తెల్లని పొలమున రెండు ఎఱ్ఱని యడ్డపట్టెలు, వానిపై మూడు ఎఱ్ఱని నక్షత్రములు. అది యీ యింటి ద్వారముపైనను, వార్టను దేవాలయపు గోపురముననుగూడ చెక్కబడినది. 1938లో వాషింగ్టను నగరము తన ధ్వజముగ దీనినే గ్రహించెను. సంయుక్తరాష్ట్రముల జాతీయధ్వజముగూడ నిందుండియే పుట్టినదని కొందఱు వ్రాసిరిగాని దానికి ప్రమాణములేదు. నక్షత్రములును పట్టెలును రెండింట నుండుట చాలునా?

లారెన్సు మనుమనికాలముననే సల్‌గ్రేవు భూమి చేయిజాఱినది. ఆ మనుమని కుమారుడు మఱియొక లారెన్సు. ఆక్సుఫర్డులో చదివి యధ్యాపకుడై, 1633లో ఎసెక్సు మండలమున పర్లే గ్రామమున మతాచార్యుడయ్యెను. రాజునకును పార్లమెంటునకును యుద్ధము వచ్చినపుడు రాజపక్షపాతియని యతనిని 1643లో ఆ పదవినుండి వెడలగొట్టిరి. పానశాలలకు తఱచుగ బోవువాడను నింద యొకటి మోపిరి. పేదఱికమున నతడు 1653లో మరణించెను. అతని పెద్దకుమారుడు జాన్ వాషింగ్టను పొగాకు వర్తకుల యోడ నెక్కి 1657లో వర్జీనియాకు వచ్చెను. పొటోమాకు నదిలో నోడ నేలదట్టి చెడిపోగా, అచటనే నిలిచి, స్థానికుడగు పోపు అను భూస్వామి కూతును వివాహమాడి భూములు సంపాదించెను. తమ్ముడు లారెన్సు తరువాత వచ్చెను. జాన్ కుమారుడు లారెన్సు, అతని కుమారుడు ఆగస్టిను, అతని కుమారుడు 1732లో పుట్టిన జార్జి వాషింగ్టను.

ఈ వంశక్రమము నేడు సుబోధముగ దోచుచున్నను దీనిని తెలిసికొనుటకు నూఱేండ్లు పట్టినది. నామసామ్యము పండితులను ఎట్లు దారితప్పించునో యిచట చూడవలెను. అధ్యక్షుడుగ నున్న కాలమున జార్జి వాషింగ్టనును అతని పూర్వులనుగూర్చి సర్ ఐజాకు హెర్డు అను నాతడు లేఖ వ్రాసి యడిగెను. ఇంగ్లండున వంశచిహ్నములను నిర్ణయించు నధికారులకు ఇతడు ముఖ్యుడు. 1792లో వ్రాసిన యుత్తరమున వాషింగ్టను, తాను ఈ విషయమున నెక్కువ శ్రద్ధ చూపలేదనియు, తమ మూలపురుషుడు ఉత్తరమండలములలో నొకదానినుండి వచ్చెనని విన్నాననియు, అది లాంకషైరో యార్కుషైరో యింకను ఉత్తరముననున్నదో జ్ఞప్తికి రాలేదనియు తెలిపెను. ఐదాఱుతరములు దక్షిణముననే కాపురమున్నను వంశశ్రుతిలో నిలిచినది ప్రాతయుత్తరమే. నోటిమాట నివాసమును మఱచి యభిజనమును నిలుపుకొన్నది!

హెర్డు సల్‌గ్రేవు వంశవృక్షమున జాన్, లారెన్సు అను నిరువురు సోదరులను కనుగొని, వర్జీనియాకు వచ్చినవారు వీరేయని నిర్ణయించెను. పేరులు సరిపోయెను, వరుస సరిపోయెను, కాలమును ఇంచుమించుగ సరిపోయెను. డెబ్బదియేండ్లకుపైగా లోకము దీనిని నమ్మెను. 1866లో జోసెఫు చెస్టరు అను అమెరికా పండితుడు, ఆ జాను ఇంగ్లండుననే 'సర్' బిరుదు పొందినవాడనియు, వర్జీనియా జాన్ ఎన్నడును ఆ బిరుదు వహింపలేదనియు చూపి పాతమతమును ఖండించెను. ఖండనము సులభము, స్థాపనము కష్టము. 1889లో హెన్రీ వాటర్సు ప్రకటించిన పరిశోధనవలననే యథార్థము తేలెను. ట్రింగు అను నూరి నివాసియొకడు 1650లో వ్రాసిన మరణశాసనము, ఆ యూరనే చనిపోయిన యాంఫిలిస్ వాషింగ్టను ఆస్తిని జానునకు ఒప్పగించిన పత్రము అతనికి దొరకినవి. ఈమె పర్లే మతాచార్యుని భార్య. శిలాచిహ్నములు, వంశవృక్షములు చేయలేనిపనిని రెండు సామాన్యపత్రములు చేసినవి.

ఇంతవఱకు చెప్పినది తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన పేరు. ప్రారంభమున నుదాహరింపబడిన 1,63,036 మంది కథ వేఱు.

1799లో జార్జి వాషింగ్టను భూములలో 317 మంది దాసులుండిరి. వారిలో 123 మంది మాత్రమే అతని స్వంతము. తక్కినవారిలో పెక్కురు భార్యయగు మార్తా మొదటి భర్త యాస్తికి చెందినవారు, కొందఱు బాడుగకు తెచ్చినవారు. అతని మరణశాసనము భార్యానంతరము తన దాసులు విముక్తులు కావలెనని విధింపగా, మార్తా తాను జీవించియుండగనే 1801 జనవరి 1వ తేదీని వారిని విడుదల చేసెను. జార్జి బంధువులలో పలువురకు దాసులుండిరన్నమాట నిజమేకాని, దేశమంతట వ్యాపించిన యీ యింటిపేరును వారి లెక్కలతో సమర్థించుట యసాధ్యము. తమ తాతలు ఆ వంశమువారికి దాసులైనందుననో, వారి రక్తమున బుట్టినందుననో యాఫ్రికా సంతతివారందఱకు నీపేరు వచ్చెనను సాధారణాభిప్రాయము హెర్డు చేసిన పొరపాటువంటిదే.

దాసుల పేరులను శోధించుట కష్టము. 1850, 1860 జనాభాలెక్కలలో యజమాని పేరిక్రింద వారి వయస్సు, లింగము, వర్ణము మాత్రమే వ్రాయబడెను, పేరులేదు. విముక్తులైనవారందఱు పేరులతో నెక్కిన మొదటి లెక్క 1870వది. అంతకుముందు వారికి ఇంటిపేరులే లేవని పెక్కురు భావించిరి. హెర్బర్టు గట్మను 1976లో ప్రకటించిన గ్రంథమున, పెక్కుమంది దాసులు యజమానులకు తెలియకయే తమలో తాము ఇంటిపేరులు వాడుకొనిరనియు, అవి చాలవఱకు తమ్ము ఆనాడు ఏలు యజమానులవి కావనియు నిరూపించెను. వ్రాతలో లేనిది వాడుకలో లేదనుట శాబ్దికునకు తగదు.

హారీ యనువాని చరిత్ర ఇందులకు నిదర్శనము. ఇతడు ఆఫ్రికాలో గాంబియా ప్రాంతమున బుట్టినవాడు. 1763లో వాషింగ్టను అతనిని కొనెను. స్వాతంత్ర్యయుద్ధము ప్రారంభమైనపిదప 1776లో నితడు పాఱిపోయి బ్రిటిషుసేనలో జేరెను. యుద్ధాంతమున 1783లో న్యూయార్కును విడిచిపోవు నల్లవారిని బ్రిటిషువారు పట్టికగ వ్రాసిరి. అందితడు 'హారీ వాషింగ్టను', వయస్సు 43, పూర్వము జనరలు వాషింగ్టను సొత్తు, ఏడేండ్ల క్రిందట విడిచివచ్చినవాడు. నోవాస్కోషియాలో కొన్నియేండ్లుండి, 1792లో సుమారు 1,200 మందితోగూడ సముద్రముదాటి పశ్చిమాఫ్రికాలోని సియెర్రాలియోనునకు బోయెను. హ్వాసుని యూరిపేరు ఇట్లు ఆఫ్రికా చేరినది. అచట కంపెనీవారు భూమిపై విధించిన పన్నునకు వ్యతిరేకముగ 1800లో తిరుగుబాటు జరుగగా, అందు పాల్గొన్నవాడని హారీని నది యావలి బుల్లము తీరమునకు వెడలగొట్టిరి. తమ సమ్మతిలేని పన్నును ధిక్కరించి యొక వాషింగ్టను రాష్ట్రపితయయ్యెను. అట్టి పనికే మఱియొక వాషింగ్టను ప్రవాసియయ్యెను.

ఇక మఱొక మార్గము. ప్రసిద్ధుల యింటిపేరులను బిడ్డలకు వ్యక్తినామములుగ బెట్టు నాచారము అమెరికాలో విశేషము. 1783లో పుట్టిన వాషింగ్టను అర్వింగు అను ప్రసిద్ధరచయితకు ఆ జనరలు పేరే పెట్టబడెను. అనగా ఇంటిపేరు తిరిగి వ్యక్తినామమయ్యెను. దాసకుటుంబములలో నీ వ్యక్తినామము వ్యాపించెను. అట్టివారిలో వాషింగ్టను ఫెర్గుసను ఒకడు. అతని పెంపుడుకొడుకు వర్జీనియాలో 1856లో దాస్యమున జన్మించిన బుకరు. తరువాతికాలమున అలబామాలోని టస్కెగీ విద్యాలయమును నడపి లోకవిఖ్యాతి గాంచిన మహావిద్యావేత్త ఇతడే. 1901లో ప్రకటించిన స్వీయచరిత్రలో నతడు తన యింటిపేరు పుట్టిన విధము స్వయముగ చెప్పెను. బాలుడు మొట్టమొదట బడికి పోయినపుడు పిల్లలందఱకు రెండేసి పేరులు, కొందఱకు మూడేసి యుండుట విని కలతపడెను. తనకున్నది ఒక్కటియే. తనవంతు వచ్చి యుపాధ్యాయుడు పూర్తి పేరడుగగా, పుట్టుకనుండి యట్లే పిలువబడినవానివలె నిబ్బరముగ 'బుకరు వాషింగ్టను' అని చెప్పెను. పెంపుడుతండ్రి వ్యక్తినామము ఆ క్షణమున నితని వంశనామమైనది. హ్వాసుడను పురుషునినుండి ఊరు, ఊరినుండి వంశము, వంశమునుండి మరల పురుషుడు, పురుషునినుండి మరల వంశము. ఇంత పరివృత్తి ఒక్కశబ్దమున గనుపట్టుట యరుదు.

ఆ గ్రంథముననే మఱొక సంగతి కలదు. విముక్తులైనవారు పాతయజమానుల యింటిపేరు మోయుట తగదని తలచి కొత్తపేరులు పెట్టుకొనిరట. జాన్ అనువాడు జాన్ ఎస్. లింకను అగును. ఆ 'ఎస్' దేనికి సంకేతము? దేనికిని కాదు. అది గౌరవార్థమైన యక్షరమట. పాణినీయులకిది వింతకాదు. ప్రత్యయములందలి యనుబంధములకు అర్థము లేకున్నను పనిలేకపోదు. ఈ 'ఎస్' చేసిన పని, ఆ మనుష్యుడు ఒకరి సొత్తు కాదని తెలుపుట. వాషింగ్టను అను పేరు నెన్నుకొనినవారిలో ననేకుల తాత్పర్యమును ఇట్టిదే. అది పూర్వులను చెప్పుటకు కాక, దేశమున తమకును భాగము కలదని చెప్పుటకు గ్రహింపబడినది. దీనిని యదృచ్ఛాశబ్దమని త్రోసివేయుట న్యాయము కాదు. స్వేచ్ఛచే గ్రహించుటయు, అర్థములేక గ్రహించుటయు నొకటియగునా?

వాషింగ్టను రాష్ట్రమున సియాటిలు పరిసరములందు నేడు తెలుగువారు పలువురు కాపురమున్నారు. వారి యింటిపేరులు అచటి దస్తావేజులలో పేరునకు ముందునుండి వెనుకకు బోయినవి. కందుకూరు, వేటూరువంటి గ్రామములే హ్వాసుని గ్రామపు పేరుగల నేలపై వినబడుచున్నవి. ఆ పిల్లలలో ఎందఱు ఆ యూళ్లను చూతురో!

బుకరు వాషింగ్టను కొంతకాలమునకు, తన తల్లి పుట్టినపుడే తనకు 'టాలియఫెర్రో' యను రెండవపేరు పెట్టెనని తెలిసికొని, దానిని విడువనొల్లక నడుమ జేర్చుకొనెను. బుకరు టి. వాషింగ్టను అనుటలోని 'టి' ఇదియే. టాలియఫెర్రో వర్జీనియాలోని యొక భూస్వామి కుటుంబపు పేరు. ఇటలీ భాషాపదము, 'ఇనుము కోయువాడు' అని యర్థము. వ్రాత యట్లున్నను వర్జీనియావారి యుచ్చారణ 'టాలివరు'. దాని చరిత్ర వేఱు.